కల్లు, మందు, చుట్ట, పొగాకు – కడుపులో బిడ్డ మెదడు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. కాలవగట్టు ఊళ్ళు, లంకలు, సముద్రపొడ్డు పల్లెలు అన్నీ తిరిగాను. గర్భిణి వివరాలు రాసుకునేటప్పుడు "మందు అలవాటుందా? పొగ తాగుతావా?" అని అడిగేదాన్ని. "లేదండి" అనేవారు. "లేదు" అని రాసుకుని లేచేదాన్ని.

ఆ జవాబులో అబద్ధం లేదని చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. మా వైపు మందంటే షాపులో కొన్న సీసా. కల్లు మందు కాదు. పొగ తాగడమంటే మగవాళ్ళ సిగరెట్టు. పళ్ళకి రుద్దుకునే పొగాకు, కిళ్ళీలో జర్దా ఎవరి లెక్కలోకీ రావు. నేను అడగాల్సిన మాటలతో అడగలేదు. ఇప్పటికీ ఫోన్లు చేసి అవే సందేహాలు అడుగుతున్నారు కాబట్టి, వాళ్ళు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## నెల తప్పే ముందు, తప్పిన కొత్తలో

సంక్రాంతికి అందరితో పాటు బీరు తాగాను. అప్పటికి నెల తప్పినట్టు తెలీదు. ఇప్పుడేం చెయ్యాలి?

ఈ రోజు నుంచి ఇంకో చుక్క ముట్టకండి. ముందు చెయ్యాల్సిందీ, మీ చేతిలో ఉన్నదీ అదొక్కటే.

తర్వాత కేలండర్ ముందు పెట్టుకోండి. నెల రావలసిన తేదీ దాటే సరికి బిడ్డ వయసు దాదాపు రెండు వారాలు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం సుమారు 28వ రోజుకి మూసుకుంటుంది. అంటే చాలామంది "ఇంకో నాలుగు రోజులు చూద్దాం" అనుకుంటూ ఉండగానే మెదడుకి పునాది పడిపోతుంది. అందుకే తెలియక ముందు తాగింది లెక్కలోకి రాదని చెప్పలేను. అలాగని ఒక్క పూట తాగినంత మాత్రాన బిడ్డకి లోపం వచ్చి తీరుతుందని కూడా ఎవరూ చెప్పలేరు. ఎక్కువ భయపడాల్సింది ఒకే కూర్చోవడంలో బాగా తాగడం, మళ్ళీ మళ్ళీ తాగడం గురించి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. "ఒక్క బీరే" అనుకుంటారు గానీ, 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే అందులో నాలుగు చిన్న పెగ్గుల (ఒక్కోటి 30 మిల్లీలీటర్లు) విస్కీకి సరిపడా ఆల్కహాల్ ఉంటుంది. ఏ తేదీన, ఎంత తాగారో కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించండి.

తాగేసానన్న భయంతో కడుపు తీయించుకుందామంటున్నారు ఇంట్లో. తీయించుకోవాలా?

తెలియక ఒకటి రెండుసార్లు తాగినందుకు అది కారణం కాదు. భయంలో నిర్ణయం తీసుకోకండి. ముందు గైనకాలజిస్టుతో ఒంటరిగా మాట్లాడండి. బిడ్డని కోరుకుని, ఈ ఒక్క టెన్షన్‌తో పోగొట్టుకుని, ఏళ్ళ తరబడి ఏడ్చినవాళ్ళని చూశాను.

కల్లు చెట్టు రసమే కదా? ఒంటికి చలవ అంటారు. అది కూడా మందేనా?

మందే. ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో కూడా ఇదే మాట విన్నాను.

తాటిచెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి రసమే. కానీ లొట్టిలో (చెట్టుకి కట్టే కల్లుకుండలో) నిన్నటి కల్లు తాలూకు ఈస్టు ఉండనే ఉంటుంది. గంటల్లో పంచదారంతా పులిసి ఆల్కహాల్ అవుతుంది. చెట్టు దిగేసరికే పులియడం మొదలై ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. సుమారు 5 శాతం అనుకుంటే పావు లీటరు కల్లులో ఉన్న ఆల్కహాల్, 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉన్న ఆల్కహాల్ ఒక్కటే, దాదాపు 10 గ్రాములు. అర లీటరు ముంత తాగితే రెండు పెగ్గులు. పెగ్గంటే భయపడే మనిషి ముంతంటే భయపడదు.

తాటికల్లయినా ఈతకల్లయినా తేడా లేదు. పైగా కొన్నిచోట్ల కల్లులో మత్తుమాత్రల పొడి కలుపుతారు, అది ఇంకో ప్రమాదం. గీత కార్మికుల పొట్ట కొట్టాలని కాదు ఈ మాట. ముంజలు, తేగలు, తాటిబెల్లం ఎన్నైనా తినండి, ఆ తొమ్మిది నెలలూ కల్లు మాత్రం వద్దు.

మరి నీరా తాగొచ్చా?

పులియకుండా తీసి, చల్లగా ఉంచిన నీరాలో ఆల్కహాల్ ఉండదు. లొట్టిలో సున్నం పూయడం అందుకే. రోడ్డు పక్కన ఎండలో పెట్టి నీరా అని అమ్మేది ఎంతసేపటిదో మీకూ తెలీదు, అమ్మేవాళ్ళూ చెప్పరు. అనుమానం ఉంటే కొబ్బరిబోండం తాగండి. కోనసీమలో దానికి కరువా?

చద్దన్నం, తరవాణి కూడా పులుస్తాయి కదా? అవి కూడా మానెయ్యాలా?

అక్కర్లేదు. పులుపు వేరు, మత్తు వేరు. చద్దన్నం, పెరుగు, ఇడ్లీపిండి పులిసేది ముఖ్యంగా పాలని పెరుగు చేసే జాతి బ్యాక్టీరియాతో. వాటివల్ల పుల్లటి ఆమ్లం వస్తుంది గానీ మత్తెక్కే ఆల్కహాల్ కాదు. కుండ శుభ్రంగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

నేను తాగను. మా ఆయన తాగుతారు. బిడ్డకి ఏమన్నా అవుతుందా?

తండ్రి తాగిన మందు బిడ్డ రక్తంలోకి చేరే దారి లేదు. కడుపులో మద్యం వల్ల వచ్చే మెదడు లోపాలు తల్లి తాగితేనే వస్తాయి. తండ్రి తాగుడు వీర్యకణాల మీద ఏం చేస్తుందన్నది జంతువుల మీద పరిశోధనల్లో బయటపడుతోంది, ఇంకా తేలలేదు.

కానీ నేను చూసినంతలో తాగే భార్యలు ఎక్కువమందికి గ్లాసు అందించింది భర్తలే. తనతో పాటు రెండు గుక్కలు తాగమని బతిమాలేది, "ఏం కాదులే" అనేది ఆయనే. యానాం వెళ్ళి చవగ్గా తెచ్చి ఇంట్లో అటక మీద పెట్టేదీ ఆయనే. ఇంట్లో సీసా లేకపోతే సగం గొడవ తీరుతుంది. తాగి వచ్చి కొట్టే ఇంట్లో అయితే ఆ భయం, ఆ దెబ్బలు, ఆ తిండిలేమి బిడ్డకి చేసే చెడు వేరే ఉంది.

పిల్లల కోసం చూస్తున్నాం. ఎప్పటి నుంచి మానాలి?

ప్రయత్నం మొదలుపెట్టిన నెల నుంచే. పొగాకయితే ఇంకా ముందే, ఎందుకంటే అది మానడానికి టైం పడుతుంది.

## మోసే నెలల్లో

మందు తాగితే లివరు పాడవుతుంది సరే. బిడ్డ మెదడుకి ఏం సంబంధం?

తల్లి తాగిన ఆల్కహాల్ కొద్ది నిమిషాల్లోనే మావిని దాటేస్తుంది. కాసేపటికి తల్లి రక్తంలో ఎంత ఉందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. తల్లికి దాన్ని విరగ్గొట్టే లివరుంది. బిడ్డ లివరుకి ఇంకా ఆ శక్తి రాలేదు. పైగా ఆల్కహాల్ ఉమ్మనీటిలోకీ చేరుతుంది. బిడ్డ ఆ నీరే మింగుతూ ఉంటుంది. అందుకని తల్లికి మత్తు దిగిపోయాక కూడా బిడ్డ ఆ మందులోనే ఉంటుంది.

ఇక మెదడు సంగతి. మనవైపు వాళ్ళకి ఊడ్పుల లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మెదడు కణాలు పుట్టేది ఒకచోట, స్థిరపడేది ఇంకోచోట. నారుమడిలో పెరిగిన నారు చేలోకి వెళ్ళి నాటుకున్నట్టు, లోపలి పొరల్లో పుట్టిన కణాలు పైపొరల దాకా ప్రయాణం చేసి తమ చోట పాతుకోవాలి. తర్వాత ఒకదానితో ఒకటి తీగలు కలుపుకోవాలి. ఆల్కహాల్ ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది. కొన్ని కణాలు పుట్టవు. కొన్ని దారి తప్పి వేరేచోట ఆగిపోతాయి. తీగలు కలిసే కాలంలో అయితే మంచి కణాలు కూడా తమంతట తాము చచ్చిపోయేలా చేస్తుందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలింది.

దెబ్బతినే చోట్లు కూడా ముఖ్యమైనవే. కుడి ఎడమ మెదడుల్ని కలిపే వంతెన, జ్ఞాపకాన్ని నిలిపే భాగం, ఒంటి తూకాన్ని చూసుకునే చిన్నమెదడు, ముందూ వెనకా ఆలోచించి ఆగమని చెప్పే ముందు మెదడు, ఇవన్నీ. ఈ లోపాల గుంపుని 1968లో ఫ్రాన్స్‌లో లెమోయిన్ అనే డాక్టరు రాశారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాకే ప్రపంచం చూసింది.

మొదటి మూడు నెలలు జాగ్రత్తగా ఉంటే చాలు కదా? తర్వాత కొంచెం తాగితే?

ముఖం, గుండె, చేతులు కాళ్ళు తయారయ్యేది మొదటి మూడు నెలల్లో. మెదడు మాత్రం మొదటి నెల నుంచి కాన్పు దాకా, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. చివరి మూడు నెలల్లో ఇంకా జోరుగా పెరుగుతుంది. తొమ్మిదో నెలలో తాగితే ముఖం మారదు గానీ మెదడు దెబ్బతింటుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పే కొలత లేదు, ఫరవాలేదనే నెలా లేదు.

చుట్ట, సిగరెట్టు ఊపిరితిత్తులకి కదా చెడ్డవి. బిడ్డ ఊపిరి పీల్చదు కదా లోపల?

బిడ్డకి ఊపిరి మీ రక్తమే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కూర్చోవలసిన సీటులో తను కూర్చుంటుంది. తల్లి రక్తంలో కంటే బిడ్డ రక్తంలో అది ఎక్కువ పేరుకుంటుంది. నికోటిన్ మావికి వెళ్ళే రక్తనాళాల్ని బిగిస్తుంది. అంటే పంపే రక్తమూ తక్కువ, అందులో ప్రాణవాయువూ తక్కువ. బరువు తక్కువగా పుట్టడం, నెలలు నిండకుండా పుట్టడం, కడుపులోనే పోవడం, పుట్టాక నిద్రలో ఉన్నట్టుండి పోవడం, వీటన్నిటికీ పొగాకుతో సంబంధం ఉంది.

మెదడు మీద నికోటిన్ పని ఇంకో రకం. మెదడు కణాలు ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ఆగాలో ఒకదానికొకటి చెప్పుకోవడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడతాయి. నికోటిన్ అచ్చం దానిలా నటిస్తుంది. వేళకాని వేళ తలుపు తడుతుంది. ఆ తలుపులు బిడ్డ మెదడులో మొదటి మూడు నెలల్లోనే వచ్చేస్తాయి. ఇలా పెరిగిన పిల్లల్లో ధ్యాస నిలవకపోవడం, తొందరపాటు ఎక్కువగా కనిపిస్తాయి. అందులో కొంత వంశం నుంచి, ఇంటి వాతావరణం నుంచి వచ్చింది కూడా ఉండొచ్చని అన్నదమ్ముల్ని పోల్చి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి. బరువు తగ్గడంలో మాత్రం సందేహం లేదు.

నేను పొగ తాగను. పళ్ళకి పొగాకు పొడి రుద్దుకుంటాను, అప్పుడప్పుడు జర్దా కిళ్ళీ. వేవిళ్ళు తగ్గుతాయని వేసుకుంటున్నాను. పొగ లేదు కదా?

పొగ లేదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ లేదు, అంతవరకే లాభం. నికోటిన్ మాత్రం చిగుళ్ళ నుంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. బుగ్గన పెట్టుకుంటే సిగరెట్టంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఒంట్లో చేరుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. మావి దగ్గర అదేమీ ఆగదు.

ముంబైలో 1217 మంది గర్భిణుల్ని గమనించిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు వాడేది మిశ్రీ లాంటి పొగలేని పొగాకే. వాడినవాళ్ళ బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు, నెలలు నిండకుండా పుట్టడం కూడా ఎక్కువే. రెండున్నర కేజీలు దాటితే సంబరపడే మన ఇళ్ళలో 105 గ్రాములు చిన్న సంగతి కాదు.

ఖైనీ, గుట్కా, ముక్కుపొడి అన్నీ ఇంతే. వేవిళ్ళకి నిమ్మకాయ వాసన చూడండి, అల్లం చప్పరించండి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గర మాత్రలున్నాయి.

మా మామ్మ రోజూ చుట్ట కాల్చింది. ఎనిమిదిమందిని కంది, అందరూ రాళ్ళలా ఉన్నారు. దీనికేమంటారు?

ఎనిమిదిమందిని కంది సరే, పదిమంది పుట్టారా అని అడిగారా? పాత ఇళ్ళలో ఈ లెక్క అడిగితే ముసలావిడ కాసేపు మాట్లాడదు. తర్వాత "ఇద్దరు దక్కలేదు లేమ్మా, ఒకడు పురిట్లోనే..." అంటుంది. ఆ రోజుల్లో బిడ్డని తూచిన మంత్రసాని లేదు. బడిలో ధ్యాస నిలవకపోతే పొలానికి పంపేసేవారు. అదొక జబ్బని ఎవరూ అనుకోలేదు.

ఇంకో సంగతి, అందరి ఒళ్ళూ ఒక్కలా ఉండదు. ఆల్కహాల్‌నీ నికోటిన్‌నీ విరగ్గొట్టే వేగం మనిషి మనిషికీ మారుతుంది. తిండి, రక్తం, వయసు అన్నీ కలుస్తాయి. మీ మామ్మకి కలిసొచ్చింది. మీకూ కలిసొస్తుందని పందెం కాయడానికి ఇది కోడిపందెం కాదు కదా. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉండొచ్చు. నిప్పు నోట్లో పెట్టుకున్నా బయట పెట్టుకున్నా బిడ్డకి చేరేది ఒకటే.

లంకలో పొగాకు పనికి వెళ్తున్నాను. కాల్చను, నమలను. ఆకు ముట్టుకుంటే కూడా ప్రమాదమేనా?

ప్రమాదమే. దీని గురించి దాదాపు ఎవరూ చెప్పరు. చుట్టలకి లంక పొగాకు తరతరాలుగా పేరున్నది. రాజమండ్రిలో 1947లోనే పొగాకుకి కేంద్ర పరిశోధన సంస్థ పెట్టారు. ఆ ఆకు నరికేది, మోసేది, కర్రలకి కట్టేది చాలావరకు ఆడవాళ్ళే.

పచ్చి ఆకు మీద మంచు గానీ చెమట గానీ ఉంటే అందులోకి నికోటిన్ కరుగుతుంది, చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. వికారం, వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి వస్తాయి. పచ్చాకు జబ్బంటే ఇదే. గర్భిణికి వస్తే అందరూ వేవిళ్ళనుకుంటారు. పని మానిన రోజు వాంతులు తగ్గి, వెళ్ళిన రోజు పెరుగుతుంటే అనుమానించండి.

వీలుంటే ఈ తొమ్మిది నెలలు పొగాకు పని వదిలి వరి, కూరగాయల పనికి వెళ్ళండి. కుదరకపోతే మంచు ఆరాకే చేలోకి దిగండి. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు వేసుకోండి. తడిసిన బట్టలు వెంటనే మార్చండి, సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముద్ద ముట్టుకోకండి. మెట్టలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు బేరన్లలో (ఆకుని వేడితో ఆరబెట్టే గదుల్లో), గ్రేడింగులో చేసేవాళ్ళకి దుమ్ము కూడా కలుస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

మామయ్యగారు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తారు. ఆయన్ని ఏమీ అనలేను. నాకు ఆ పొగ తగిలితే?

పక్కవాళ్ళ పొగ పీల్చినా బిడ్డ బరువు తగ్గుతుంది. కిటికీ తీస్తే పోతుందనుకుంటారు, పోదు. కోడలు నోరు విప్పలేని ఇంట్లో నేను చేసే పని ఒకటుంది. ఆశా కార్యకర్తనో నర్సమ్మనో వచ్చి ఆయనకే చెప్పమనడం. "మీ మనవడి బరువు పెరగాలంటే చుట్ట ఆ కొబ్బరిచెట్ల కింద కాల్చుకోండి తాతగారూ" అంటే కోపగించుకున్నవాళ్ళు తక్కువ. మనవడి మాటకి చాలా బలముంది.

మందు, పొగాకు – రెండింట్లో ఏది ఎక్కువ చెడ్డది?

మెదడు నిర్మాణానికి మందు ఎక్కువ చెడ్డది. బరువుకి, మావికి, నిద్రలో పోయే ప్రమాదానికి పొగాకు. రెండూ కలిస్తే విడివిడిగా కంటే చెడ్డవి, తాగేవాళ్ళలో చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

టిఫా స్కాన్‌లో మెదడు బాగుందన్నారు. ఇంక భయం లేదు కదా?

ఐదో నెలలో చేసే ఆ స్కాన్‌లో పెద్ద నిర్మాణాలు కనిపిస్తాయి. ఇల్లు కట్టాక గోడలు, గదులు చూసినట్టు. లోపల కరెంటు తీగలు సరిగా కలిశాయో లేదో ఫొటోలో కనపడదు. స్కాన్ బాగుంటే సంతోషం, అంతేగానీ మళ్ళీ తాగడానికి అది అనుమతి కాదు.

ఆరో నెల వచ్చేసింది. జరిగేది జరిగిపోయింది. ఇప్పుడు మానేసి ఏం లాభం?

చాలా లాభం. మెదడు ఇంకా సగం పని కూడా పూర్తి చెయ్యలేదు. పొగ మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పోయి బిడ్డకి ఆక్సిజన్ పెరుగుతుంది. 15 వారాల లోపు సిగరెట్టు మానేసినవాళ్ళకి ముందస్తు కాన్పు, బరువు తక్కువ బిడ్డ పుట్టే ప్రమాదం అసలు కాల్చనివాళ్ళతో సమానంగా ఉన్నట్టు ఒక అధ్యయనం చూపింది. 15 దాటినా మానిన ప్రతి వారమూ బిడ్డకి మిగిలినట్టే.

రోజూ తాగే అలవాటుంది. ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు వణుకుతోంది. ఏం చెయ్యాలి?

ఇంట్లో మానొద్దు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, అది తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో చేరి డాక్టర్ల కళ్ళ ముందు మానాలి. వణుకు, చెమటలు, లేనివి కనిపించడం మొదలైతే 108కి ఫోన్ చెయ్యండి. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ 14416, మత్తు మానడానికి 14446, పొగాకు మానడానికి 1800 112 356. నికోటిన్ బిళ్ళలు, చూయింగ్ గమ్ మెడికల్ షాపులో అడిగి మీరే కొనుక్కోకండి, గర్భంలో అవి డాక్టరు చెబితేనే. ఈ-సిగరెట్ల జోలికి వెళ్ళొద్దు. అందులో ఉన్నదీ నికోటినే. 2019 నుంచి మన దేశంలో వాటి అమ్మకమే నిషేధం.

నాటుసారా?

ఎంత ఘాటో కాచినవాడికే తెలీదు. ఒక్కోసారి అందులో మిథనాల్ ఉండి కళ్ళు పోతాయి, ప్రాణాలు పోతాయి. ఇంకేం చెప్పను?

ఐరన్ మాత్రలు, ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నాను కదా. అవి విరుగుడు కావా?

కావు. వేసుకోవడం మాత్రం మానొద్దు. రక్తం తక్కువగా ఉన్న తల్లి, తిండి తక్కువైన తల్లి తాగితే బిడ్డకి దెబ్బ ఇంకా ఎక్కువ.

డాక్టరమ్మకి చెబితే తిడతారేమో. చెప్పకపోతే ఏమవుతుంది?

తిట్టేవాళ్ళు ఉన్నారు, లేరని చెప్పను. నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒకసారి ఒక అమ్మాయిని అత్తగారి ఎదురుగానే అడిగాను, "కల్లు తాగుతావా?" అని. తల అడ్డంగా ఊపింది. రెండు నెలల తర్వాత సబ్‌సెంటర్‌కి ఒంటరిగా వచ్చి, అత్తగారే పోస్తున్నారని చెప్పింది. అప్పటి నుంచి ఎవరినీ నలుగురిలో అడగలేదు.

మీరు కూడా ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, ఆ రోజు అడగండి. చెబితే బిడ్డ ఎదుగుదల దగ్గరగా చూస్తారు. పుట్టాక బడిలో ఇబ్బంది వస్తే కారణం వెతుక్కుంటూ ఏళ్ళు పోగొట్టుకోనక్కర్లేదు.

## కాన్పయ్యాక

బాలింతకి దశమూలారిష్టం ఇస్తున్నారు. అందులో ఆల్కహాల్ ఉంటుందా?

ఉంటుంది. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసే మందులు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది, చదవండి. మోతాదు తక్కువ కాబట్టి ఒక గుక్కతో కొంప మునగదు. గర్భంలో మాత్రం డాక్టరుని అడగకుండా వద్దు. బాలింతగా ఉన్నప్పుడు తాగాలనుకుంటే బిడ్డకి పాలిచ్చాక తీసుకోండి, గ్లాసులతో కాదు.

పాలు పడాలంటే కల్లు తాగమంటున్నారు. నిజమేనా?

కాదు. ఆల్కహాల్ పాలు దిగేలా చేసే హార్మోనునే అణిచేస్తుంది. తాగిన తర్వాత బిడ్డకి అందే పాలు తగ్గుతాయి. తల్లి రక్తంలో ఎంత ఉందో పాలలోనూ అంతే ఉంటుంది. ఒక పెగ్గు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది, పిండి పారబోసినా తొందరగా పోదు. పాలు పడాలంటే బిడ్డ చేత ఎక్కువసార్లు చీకించాలి, మీరు కడుపునిండా తినాలి, నీళ్ళు తాగాలి.

పొగాకు మానలేకపోతున్నాను. పాలివ్వడం ఆపెయ్యాలా?

ఆపొద్దు. పాలల్లోకి నికోటిన్ వస్తుంది నిజమే. అయినా డబ్బాపాల కంటే తల్లిపాలే మేలు. పాలిచ్చిన తర్వాత వాడండి, ముందు కాదు. రోజురోజుకీ తగ్గించండి. చేతులు కడుక్కోకుండా బిడ్డని ఎత్తుకోకండి.

నాన్న చుట్ట కాల్చి వచ్చి బిడ్డని పక్కలో వేసుకుంటారు. తప్పా?

తప్పే. పొగ తాగేవాళ్ళ పక్కలో పడుకున్న పసిబిడ్డ నిద్రలోనే పోయే ప్రమాదం పెరుగుతుంది. బిడ్డని వెల్లకిలా, వేరుగా, గట్టి పక్క మీద పడుకోబెట్టండి. మందు తాగినవాళ్ళ పక్కలో అయితే అసలు వద్దు.

జలుబు చేస్తే చుక్క బ్రాందీ పట్టిస్తాం. తరతరాల నుంచీ ఉంది కదా?

మానెయ్యండి. పసిబిడ్డ రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఛాతీకి రాసినా చర్మం గుండా లోపలికి వెళ్తుంది.

## పిల్ల పెరిగేటప్పుడు

ముఖం చూసి చెప్పెయ్యొచ్చంటారు. మా వాడి ముఖం మామూలుగానే ఉంది. అంటే ఏమీ లేనట్టేనా?

ముక్కుకీ పై పెదవికీ మధ్య గాడి లేకుండా నున్నగా ఉండడం, పై పెదవి సన్నగా ఉండడం, కళ్ళు చిన్నవిగా ఉండడం, ఈ మూడూ గుర్తులు. కానీ మద్యం వల్ల మెదడు దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువమందికి ఈ ముఖం ఉండదు. ముఖం తయారయ్యే ఆ కొద్ది రోజుల్లో తాగితేనే ముఖం మారుతుంది. కాబట్టి ముఖం మామూలుగా ఉందని వదిలెయ్యకండి. ముఖం అలా ఉందని పక్కింటి పిల్లాడికి పేరు కూడా పెట్టకండి, వంశంలోనే సన్న పెదవి ఉన్నవాళ్ళు బోలెడుమంది.

మూడో తరగతి. నిన్న వచ్చిన ఎక్కం ఈ రోజు రాదు. మాటలు బాగానే చెబుతాడు. టీచరు మొండివాడంటున్నారు. ఏమిటిది?

అది పొగరూ బద్ధకమూ కాకపోవచ్చు. కడుపులో ఉండగా మందు వల్ల మెదడు దెబ్బతిన్న పిల్లల్లో తరచుగా కనిపించేవి ఇవి: లెక్కలు రావు, డబ్బు, టైం అంతుపట్టవు. ఒకసారి నేర్చుకున్నది ఇంకోచోట వాడలేరు. వేడి పాత్ర పట్టుకుంటే కాలుతుందని చెప్పగలరు, పట్టుకోకుండా ఆగలేరు. నోటి మాట చురుగ్గా ఉండడం వల్ల "అన్నీ తెలుసు, కావాలని చేస్తున్నాడు" అనుకుని కొడతారు. దెబ్బతో నేర్చుకోవాలంటే నిన్నటి దెబ్బకీ ఈ రోజు పనికీ లంకె వెయ్యగలగాలి. సరిగ్గా ఆ లంకె వేసే భాగమే దెబ్బతిని ఉంటుంది.

ఒకసారికి ఒక్క పని చెప్పండి. "స్నానం చేసి బట్టలేసుకుని పుస్తకాలు సర్దుకో" అంటే మూడు పనులు. రోజూ అదే వరసలో చేయించండి, గోడ మీద బొమ్మలు గీసి అతికించండి. ఎక్కాలు బట్టీ కంటే మామిడికాయలు, జీడిగింజలు పేర్చి నేర్పండి. సంతలో జనం, మైకుల గోలతో చిరాకు పడితే అక్కడి నుంచి తీసుకొచ్చెయ్యండి.

దీనికి రక్తపరీక్ష ఉందా?

లేదు. బిడ్డ ఎత్తు, బరువు, తల చుట్టుకొలత, ముఖం, జ్ఞాపకం, ధ్యాస పరీక్షించి, గర్భంలో ఏం జరిగిందో అడిగి తేలుస్తారు. తల్లి చెప్పే నిజం ఇందులో సగం పరీక్ష. ఐక్యూ మామూలుగా వచ్చినా లోపం ఉండొచ్చు.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? నయమవుతుందా?

పోయిన కణాల్ని తిరిగి తెచ్చే మందు లేదు. ధ్యాసకి, నిద్రకి మందులున్నాయి. మాట, చేతిపని, నడవడికకి థెరపీలున్నాయి. ఆరేళ్ళ లోపు గుర్తించిన పిల్లలు, కొట్టని తిట్టని స్థిరమైన ఇంట్లో పెరిగినవాళ్ళు తర్వాత బాగా నెగ్గుకొస్తారని ఈ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు చెప్పారు.

అంగన్‌వాడీకీ బడికీ వచ్చే పిల్లల ఆరోగ్య పరీక్షల బృందానికి చూపించండి. వాళ్ళు జిల్లా స్థాయిలోని ప్రారంభ చికిత్స కేంద్రానికి రాసిస్తారు. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడ ప్రత్యేక టీచర్లు నేర్పుతారు. 2016 నాటి దివ్యాంగుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు పేరు విడిగా లేదు. అయితే బుద్ధిమాంద్యం గానీ నేర్చుకోవడంలో ఇబ్బంది గానీ ఉన్నట్టు తేలితే ఆ పేరు మీద సర్టిఫికెట్ వస్తుంది. ఆ సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షకి స్లాటు గ్రామ సచివాలయంలో బుక్ చేస్తారు.

పెద్దవాడి కడుపప్పుడూ తాగాను, వాడు బాగానే ఉన్నాడు. రెండోవాడికే ఎందుకిలా?

ఒకే కాన్పులో పుట్టిన కవలల్లోనే, ఇద్దరూ వేరే పోలికైతే, ఒకరికి ఎక్కువగా ఒకరికి తక్కువగా రావడం ఉంది. తాగిన రోజులు వేరు, తిండి వేరు, తల్లి వయసు వేరు. కాన్పులు పెరిగేకొద్దీ, వయసు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువవుతుంది. మొదటివాడు బాగుండడం మీ అదృష్టం, రెండోవాడు ఇలా ఉండడం వాడి తప్పు కాదు.

వీడికి పెళ్ళయితే పుట్టే పిల్లలకి కూడా ఇది వస్తుందా?

రాదు, ఇది వంశంలో దిగే జబ్బు కాదు. రేపు మీ ఇంటికి వచ్చే కోడలు ఆ తొమ్మిది నెలలూ తాగకపోతే చాలు. ముంతతో కూడా.